గజ్జెలకొండ దాటాక

మార్కాపురంలో పలకల షెడ్డు.
పీరాంబీ ప్రతి పలకనీ చెవి దగ్గర పెట్టుకుని
వేలి కణుపుతో ఒక్కసారి కొడుతుంది.
ఖంగుమంటే కుడివైపు.
బొంగురుగా పలికితే ఎడమవైపు,
కంటికి ఆనని నెర్రె ఉన్నట్టు.

సూదులూ గొట్టాలూ ఐసు డబ్బా మోసుకొచ్చిన నేను
ఆమె ఇచ్చిన మూల విరిగిన పలక మీద
వాళ్ల వంశం గీశాను.
మగవాళ్లు చదరాలు, ఆడవాళ్లు సున్నాలు,
మేనరికం చేసుకున్నచోట జంట గీతలు.
దీపాలవేళ దాటితే దారి తెలియనివాళ్లని
బలపంతో నిండా పూశాను.
నల్ల పలక మీద వాళ్లే తెల్లగా తేలారు.
"రేచీకటోళ్లే మెరస్తన్నారే," అంది పీరాంబీ.
నవ్వలేదు.

యాడుంది ఆ తప్పు, అంది.
క్రోమోజోమంటే రైలు పట్టా అనుకో, అన్నాను.
దొనకొండ, గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు,
తర్లుపాడు, కంభం.
నాకు తెలిసింది స్టేషన్ల పేర్లే.
పట్టా ఎక్కడ విరిగిందో ఏ బోర్డు మీదా ఉండదు.
తరం వెనక తరం ఆ విరుగుతో పాటే
ఏ స్టేషను వస్తుందో చూస్తాను.
ఒక్క రోగి బిడ్డలో అది విడిపోయినా
అటువైపు అంతా కొట్టేస్తాను.

"మరి ఎప్పుడు నమ్ముతావు?"
స్కోరు మూడు దాటాలి.
ఊరికే అలా కుదిరిందనడం కన్నా
పక్కపక్కనే ఉన్నాయనడం
వెయ్యి రెట్లు నిలబడాలి.

ఆమె చేతిలో పలక ఆగింది.
"వెయ్యికొకటి నాకూ జారుద్ది.
ఏ బళ్ళోనో పిల్లోడి చేతిలో పగులుద్ది.
వాడెవరో నాకు తెలవదు."

నెల తరవాత, మూడు పాయింట్ ఒకటి.
గదిలో ఒక్కదాన్నే లేచి నిలబడ్డాను.
మళ్లీ కూర్చున్నాను.
జాన్‌బీ రక్తంలో, వేరే పట్టాల మీద, ఏడు గుర్తులు
తల్లివి కావు, తండ్రివీ కావు.
గొట్టం మీద పేరు తప్పు రాశాననుకుని
మళ్లీ వెళ్లి మళ్లీ గుచ్చాను.
అవే ఏడు.
ఆమెని ఉంచితే మూడు పాయింట్ ఒకటి,
తీసేస్తే రెండు పాయింట్ ఆరు.
ఎవరూ చూడని రాత్రి
ఆ అర పాయింటు ఎంత తీపో
తూకం వేసినవాళ్లకే తెలుసు.

షెడ్డు వెనక తొట్టి దగ్గర
చేతుల పొడి కడుక్కుంటూ పీరాంబీ
నా మొహం చూసే చెప్పింది:
"కంభం ఆసుపత్రి మెట్ల మీద దొరికింది, గుడ్డలో.
దానికీ తెలుసు.
నీ లెక్కలోంచి తీసెయ్యమ్మీ.
నా రేషన్ కార్డులో ఉంటది."

పలక మీద గీత తుడిచాను.
సున్నా తుడవలేదు.
గీత ఉన్నచోట చుక్కలు పెట్టాను.

ఆ ఎండాకాలమంతా రెండు పాయింట్ ఆరే.
కొంచెం తక్కువ మూడు అని
ఎవరితోనూ అనలేదు.
పగలు మాత్రమే లారీ తోలే సిలారు,
పీరాంబీ అన్న కొడుకు,
వానలు మొదలయ్యాక దిగి చెయ్యి చాచాడు.
అతనిలో పట్టా దొనకొండ వైపూ తెగింది,
కంభం వైపూ తెగింది.
మూడు పాయింట్ మూడు.
గజ్జెలకొండ దాటాక, తర్లుపాడు రాకముందు.
నూటికి తొంభై అయిదు పాళ్లు.
ఆ మధ్యలో ఇంకా నలభై జన్యువులు.
మందు సంగతి నేను ఎత్తలేదు, వాళ్లూ అడగలేదు.

మౌలాలికి పన్నెండేళ్లు.
"ఇంతకీ యాడ?" అన్నాడు.
గజ్జెలకొండకీ తర్లుపాడుకీ మధ్య.
"అంటే మనూరే గదా!"

పొద్దు గుంకుతోంది.
వాడు చెయ్యి చాచాడు, ఫలానా వాళ్లకని కాదు.
జాన్‌బీ పట్టుకుంది.
గేటు పక్కన ఎడమవైపు పలకలన్నీ గుట్టగా పడున్నాయి.
"కుడికి," అంటోంది, "ఇంకొంచెం కుడికి."